క్యాసినో ఆడిట్, నియంత్రణలు: విశాఖ నుంచి ఈ పనిలోకి వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

సీఏ ఆర్టికల్‌షిప్‌లో ఉన్నవారు, బీకామ్ ముగించినవారు, హోటల్ మేనేజ్‌మెంట్ చదివి గోవాకో క్రూయిజ్ ఓడకో వెళ్లబోతున్నవారు, ఇక్కడే కూర్చుని విదేశీ సంస్థల లెక్కలు చూసే ఉద్యోగంలో చేరినవారు మాటిమాటికీ అడిగే ప్రశ్నలు ఇవి. ఆట ఎలా ఆడాలో ఇందులో ఉండదు. డబ్బు ఎటు నుంచి ఎటు పోతుంది, దాన్ని ఎక్కడ ఆపి లెక్క చూడాలి అన్నదే ఉంటుంది.

విశాఖలో క్యాసినో లేదు కదా, ఇక్కడ చట్టం ఏమంటుంది?

ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, 1974 ప్రకారం పేకాట శిబిరం నడపడమూ నేరమే, అక్కడ ఆడటమూ నేరమే. 2020లో ఆ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలనూ దాని కిందికి తెచ్చారు. కాబట్టి ఈ ఊళ్లో "చిన్న క్యాసినో పెడుతున్నాం, లెక్కలు చూడండి" అని ఎవరైనా పిలిస్తే వెళ్లకండి. అక్కడ ఆడిట్ చేయడానికి ఏమీ ఉండదు, కేసు మాత్రమే ఉంటుంది.

దేశంలో లైసెన్సుతో క్యాసినోలు నడిచే ప్రధాన చోట్లు గోవా, సిక్కిం. గోవాలో 1976 నాటి జూద నిషేధ చట్టానికే సవరణలు చేసి అయిదు నక్షత్రాల హోటళ్లలో యంత్రాలకు, ఓడల మీద టేబుల్ ఆటలకు అనుమతి ఇచ్చారు. సిక్కింలో 2002లో క్యాసినోల కోసమే విడిగా చట్టం చేశారు. లైసెన్సు ఉన్న చోట అకౌంట్స్, ఆడిట్ ఉద్యోగం చేయడం నేరం కాదు. ఇంట్లో అమ్మానాన్నలు భయపడితే చూపించాల్సింది ఆ సంస్థ లైసెన్సు కాపీ, మీ నియామక పత్రం. ఆ రెండూ అడిగినా ఇవ్వని చోట చేరకండి.

క్యాసినో ఉన్న ఓడ విశాఖ రేవుకు వస్తే?

2023లో ఇక్కడ క్రూయిజ్ టెర్మినల్ మొదలయ్యాక ఈ ప్రశ్న ఎక్కువైంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు దేశ ప్రాదేశిక జలాలు. రేవులో ఉన్నప్పుడు, ఆ పరిధిలో ఉన్నప్పుడు ఓడలోని టేబుళ్లు, స్లాట్ యంత్రాలు మూసి సీలు వేసి ఉండాలి.

ఆడిటర్ దీన్ని మాట మీద నమ్మకూడదు. బ్రిడ్జ్ లాగ్‌లో, అంటే ఓడ నడిపే గదిలోని రిజిస్టరులో, ఓడ 12 మైళ్లు దాటిన సమయం ఒక పక్క, క్యాసినో సిస్టమ్‌లో తొలి లావాదేవీ సమయం మరో పక్క పెట్టి చూడాలి. ఇక్కడ అందరూ తప్పటడుగు వేసేది గడియారం దగ్గర. బ్రిడ్జ్ లాగ్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉండొచ్చు, క్యాసినో సర్వర్ ఓడ స్థానిక సమయంలో ఉండొచ్చు. విశాఖ సమయం యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందు. రెండింటినీ ఒకే గడియారానికి మార్చకుండా పోలిస్తే లేని తప్పు కనబడుతుంది, ఉన్న తప్పు దాక్కుంటుంది.

మామూలు కంపెనీ ఆడిట్‌కూ దీనికీ తేడా ఏమిటి?

బట్టల కొట్టులో చీర అమ్మితే బిల్లు ఉంటుంది, స్టాకులో ఒక చీర తగ్గుతుంది. క్యాసినో టేబుల్ మీద ఒక్కో పందేనికి బిల్లు ఉండదు. నిమిషంలో ఆట ముగుస్తుంది, చిప్స్ (నగదుకు బదులు వాడే బిళ్లలు) చేతులు మారతాయి, కాగితం పుట్టదు. అందుకే ఆదాయాన్ని ఒక్కో పందెంగా లెక్కపెట్టరు. షిఫ్టు మొదట్లో ఏముంది, చివర్లో ఏముంది, మధ్యలో ఏం వచ్చింది, ఏం పోయింది అని తిప్పి లెక్క కడతారు.

అలా తిప్పి కట్టే లెక్కలో ఒక్క అంకె తారుమారైనా ఆదాయం మారిపోతుంది. కాబట్టి ఈ పరిశ్రమలో నియంత్రణలన్నీ ఒకే సూత్రం చుట్టూ తిరుగుతాయి: డబ్బు ముట్టుకున్న చెయ్యి కాగితం రాయకూడదు, కాగితం రాసిన చెయ్యి డబ్బు ముట్టకూడదు, ఆ రెండింటినీ పోల్చేవాడు మూడోవాడై ఉండాలి. కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఈ కొలతతో చూడండి. ఎక్కడైనా ఇద్దరి పని ఒకరే చేస్తుంటే మీ ఆడిట్ అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

టేబుల్ మీద గెలుపు ఎలా లెక్క కడతారు?

నాలుగు మాటలు ముందు తెలియాలి. టేబుల్ కింద తాళం వేసి ఉండే పెట్టెలో పడే నగదును డ్రాప్ అంటారు. చిప్స్ తగ్గినప్పుడు కేజ్ నుంచి, అంటే నగదు కౌంటర్ నుంచి, టేబుల్‌కు తెచ్చేవి ఫిల్. ఎక్కువైనప్పుడు వెనక్కి పంపేవి క్రెడిట్. డ్రాప్‌లో గెలుపు ఎంత శాతమో అది హోల్డ్.

గెలుపు = డ్రాప్ + ముగింపు చిప్స్ + క్రెడిట్లు − ప్రారంభ చిప్స్ − ఫిల్స్.

ఒక షిఫ్టులో ప్రారంభ చిప్స్ 40,00,000, ఫిల్స్ 6,00,000, క్రెడిట్లు 2,50,000, ముగింపు చిప్స్ 33,20,000, డ్రాప్ 12,80,000 అనుకోండి. డ్రాప్, ముగింపు, క్రెడిట్లు కలిపితే 48,50,000. అందులోంచి 46,00,000 తీసేస్తే గెలుపు 2,50,000. హోల్డ్ దాదాపు 19.5 శాతం.

ఇప్పుడు లక్ష రూపాయల ఫిల్ స్లిప్ ఒకటి లెక్కలోకి రాలేదనుకోండి. ఫిల్స్ 5,00,000 అని పడతాయి, గెలుపు 3,50,000 అవుతుంది, హోల్డ్ 27 శాతం దాటుతుంది. పిట్‌లో, అంటే ఆట టేబుళ్లున్న చోట, అందరూ "ఈరోజు బాగా వచ్చింది" అనుకుంటారు. కానీ కేజ్‌లో సరిగ్గా లక్ష తక్కువ వస్తుంది, ఎందుకంటే చిప్స్ బయటికి వెళ్లాయి, కాగితం లేదు. నియంత్రణ పనిచేస్తే ఒకే తప్పు రెండు చోట్ల, ఎదురెదురు గుర్తులతో కనబడుతుంది. ఒక్క చోటే కనబడిందంటే రెండో చోట ఎవరో సర్దేశారని అనుమానించండి.

ఒక హెచ్చరిక. ఆటగాళ్లు చిప్స్ అన్నీ కేజ్‌లోనే కొని టేబుల్ దగ్గరికి వచ్చే పద్ధతి ఉన్న చోట టేబుల్ డ్రాప్ బాగా తక్కువగా ఉంటుంది, హోల్డ్ శాతం వింతగా పెరిగిపోతుంది. అక్కడ టేబుల్ హోల్డ్‌ను మరో ఊరి క్యాసినోతో పోల్చి నివేదిక రాయకండి.

ఫిల్ స్లిప్‌లో ఏం చూడాలి?

వరుస నంబర్లున్న మూడు ప్రతుల స్లిప్పు. ఒకటి చిప్స్‌తో పాటు టేబుల్‌కు వెళ్లి సంతకాలయ్యాక డ్రాప్ బాక్సులో పడుతుంది. ఒకటి కేజ్‌లో ఉంటుంది. మూడోది తాళం వేసిన యంత్రంలోనో సిస్టమ్ రికార్డులోనో కేజ్ వాళ్ల చేతికి అందకుండా ఉంటుంది, దాన్ని అకౌంట్స్ వాళ్లే తీస్తారు. కేజ్ క్యాషియర్, చిప్స్ మోసిన సెక్యూరిటీ, డీలర్, ఫ్లోర్ సూపర్‌వైజర్ నలుగురూ సంతకం చేయాలి.

మూడు ప్రతుల్లో అంకెలు ఒకటేనా, నంబర్ల వరుసలో ఖాళీ ఉందా, రద్దు చేసిన స్లిప్పుల అన్ని ప్రతుల మీదా "రద్దు" అని రాసి ఇద్దరు సంతకం చేశారా చూడండి. నాలుగు సంతకాలూ ఒకే పెన్ను సిరాతో, ఒకే వాలుతో ఉన్నాయంటే సీసీ కెమెరా రికార్డు తెప్పించి ఆ నిమిషం చూడండి. షిఫ్టు ముగిశాక ఒకేసారి కూర్చుని సంతకాలు పెట్టడం అన్ని చోట్లా ఉన్న జబ్బు. చెడ్డ ఉద్దేశంతో కాదు, రద్దీ వల్ల. అయినా ఆ సంతకానికి విలువ లేదు.

డ్రాప్ బాక్సులు తీయడం, నగదు లెక్కింపు ఎలా జరగాలి?

సింహాచలంలోనో మరే పెద్ద గుడిలోనో హుండీ లెక్కింపు చూసినవారికి ఇది తొందరగా బోధపడుతుంది. తెరవడానికి ఇద్దరు ముగ్గురు అధికారులు, లెక్కపెట్టడానికి వేరేవాళ్లు, పైన కెమెరాలు, చివర్లో బ్యాంకు వాళ్లు. ఇక్కడా అదే తర్కం.

పెట్టెలు తీసే సమయం ముందే రాసి ఉంటుంది. ఆ సమయం తప్పితే కారణం రాయాలి, నిఘా గదికి ముందుగా చెప్పాలి. ఖాళీ పెట్టె పెట్టి నిండిన పెట్టె తీస్తారు. బండిలో తాళం వేసి సెక్యూరిటీ తోడుగా లెక్కింపు గదికి తీసుకెళ్తారు. పెట్టె మీద టేబుల్ నంబరు, ఆట, షిఫ్టు చెరిగిపోని విధంగా ఉండాలి.

లెక్కింపు బృందం కనీసం ముగ్గురు, క్యాషియర్ విభాగానికి సంబంధం లేనివారు. అమెరికాలో గిరిజన తెగలు నడిపే క్యాసినోలకు వర్తించే సమాఖ్య నియమం ఇంకో అడుగు ముందుకు వేసి, వారంలో నాలుగు రోజులకు మించి అదే ముగ్గురు అలవాటుగా ఉండకూడదంటుంది. మనదగ్గర రాసి ఉన్నా లేకపోయినా ఈ ఒక్క నియమాన్ని పెట్టించండి, ఎందుకంటే ముగ్గురు కుమ్మక్కైతే మిగతా నియమాలేవీ నిలబడవు. జేబుల్లేని దుస్తులు, పారదర్శకమైన బల్ల, బల్ల మీదినుంచి చేతులు తీసేముందు రెండు అరచేతులూ రెండు వైపులా కెమెరాకు చూపడం తప్పనిసరి.

లెక్క మొదలుపెట్టేముందు నోట్లు లెక్కించే యంత్రాన్ని పరీక్షించాలి. ప్రతి విలువ నోట్లతో తెలిసిన మొత్తం ఒకటి, ఉదాహరణకు 100 నోట్ల కట్ట, వేసి అంకె సరిపోయిందని ఇద్దరు రాసి సంతకం చేయాలి. ఎక్కువమంది ఈ పరీక్ష రోజూ ఒకే కట్టతో, ఒకే విలువతో చేస్తారు. అప్పుడు 500 నోటు సెన్సర్ పాడైనా బయటపడదు.

పెట్టె ఖాళీ చేశాక లోపలి భాగం కెమెరాకూ, బృందంలో మరొకరికీ చూపాలి. పెట్టె మూలలో, మూత అంచులో నోటు ఇరుక్కోవడం మామూలే. మర్నాడు మరో షిఫ్టు లెక్కలో ఆ నోటు తేలితే రెండు రోజుల లెక్కలూ తప్పుతాయి. మొదటి లెక్క చేసినవారు కాకుండా మరొకరు, మొదటి అంకె చూడకుండా, రెండోసారి లెక్కపెట్టాలి. తేడా వస్తే మళ్లీ మొదటినుంచి. షీటులో దిద్దుబాటు ఉంటే ఒక గీతతో కొట్టి పక్కన ఇద్దరి సంతకాలు. వైట్‌నర్ కనబడితే ఆ షీటును నేరుగా లోపంగా రాయండి.

ఆడిటర్‌గా మీరు చేయాల్సింది: ముందు చెప్పకుండా తెల్లవారుజామున వెళ్లి మొత్తం ప్రక్రియ చూడటం. తర్వాత మీరు లేని మరో రోజు వీడియో రికార్డు తెప్పించి అదే బృందం అదే పని ఎలా చేసిందో పోల్చడం. ఈ రెండోది మానేస్తే మొదటిది సగం పనే.

తాళాల రిజిస్టరు ఎందుకంత పట్టుకుంటారు?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటి దొంగకు కావలసింది తాళమే. పెట్టెను టేబుల్ నుంచి విడదీసే తాళం వేరు, పెట్టెను తెరిచే తాళం వేరు, పెట్టెలు నిల్వ ఉంచే ర్యాకు తాళం వేరు. ఈ మూడూ ఒకే మనిషి దగ్గరికి ఒకే సమయంలో రాకూడదు. లెక్కింపు తాళం ఇవ్వడానికి వేరు వేరు విభాగాల నుంచి ఇద్దరు ముగ్గురు రావాలి.

రిజిస్టరులో తీసుకున్న సమయం, ఇచ్చిన సమయం, సంతకం చూడండి. లెక్కింపు ఉదయం 6:40కి ముగిసిందని షీటులో ఉంటే, తాళం 9:15కి తిరిగొచ్చిందని రిజిస్టరులో ఉంటే, మధ్యలో రెండున్నర గంటలు ఆ తాళం ఎక్కడుంది? అలాగే విడి తాళాల సంఖ్య లెక్కపెట్టి చూడండి. విరిగిన తాళం ముక్కలు కూడా అప్పగించి ఉండాలి.

స్లాట్ యంత్రాల ఆడిట్ ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

పెట్రోల్ బంకులో షిఫ్టు మారేటప్పుడు మీటరు రీడింగు రాసుకుని, నిన్నటి రీడింగు తీసేసి, అమ్మిన లీటర్లకు నగదు సరిపోయిందా చూస్తారు. స్లాట్ యంత్రం కూడా అంతే. దానిలో చెరపలేని మీటర్లు ఉంటాయి: పందెం మొత్తం, చెల్లించిన మొత్తం, లోపలికి వెళ్లిన నోట్లు, ముద్రించిన టికెట్లు, చేత్తో చెల్లించిన జాక్‌పాట్లు. యంత్రం నుంచి ఈ అంకెలు సాస్ అనే ప్రోటోకాల్ ద్వారా సర్వరుకు వెళ్తాయి.

మొదటి పరీక్ష: నోట్ల మీటరు తేడా, లెక్కింపు గదిలో దొరికిన నగదు. మీటరు 1,84,500 అంటే పెట్టెలో 1,84,000 వచ్చిందనుకోండి. ఒక్క 500 నోటు. అది నోటు తీసుకునే పరికరంలో ఇరుక్కుని ఉండొచ్చు, మరమ్మతు చేసిన టెక్నీషియన్ చేతిలోకి వెళ్లి ఉండొచ్చు. యంత్రం తలుపు తెరిచిన లాగ్, టెక్నీషియన్ పని పత్రం రెండూ తెప్పించండి. పక్కపక్క యంత్రాలు రెండింటిలో ఒకదానికి 12,000 ఎక్కువ, మరోదానికి సరిగ్గా 12,000 తక్కువ వస్తే పెట్టెలు తారుమారయ్యాయి. మీటరు చదివిన సమయానికీ పెట్టె తీసిన సమయానికీ మధ్య ఆట జరిగితే తేడా చాలా యంత్రాల్లో, చిన్న చిన్న మొత్తాల్లో ఉంటుంది.

రెండో పరీక్ష: హోల్డ్. తయారీదారు ఇచ్చే పార్ షీటులో ఆ ఆట దీర్ఘకాలంలో ఎంత శాతం ఉంచుకోవాలో ఉంటుంది. అసలు హోల్డ్‌ను దానితో పోల్చాలి. మూడు శాతం పాయింట్లకు మించి తేడా ఉంటే కారణం వెతకాలన్నది చాలా చోట్ల వాడే హద్దు. కొత్త యంత్రం, తక్కువ ఆట ఉంటే ఆ తేడా సహజం. లక్షల స్పిన్‌ల తర్వాత కూడా ఉంటే సహజం కాదు. అప్పుడు చూడాల్సింది: పార్ షీటు ఈ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌దేనా, సిస్టమ్‌లో నాణెం విలువ తప్పుగా పెట్టారా, జాక్‌పాట్ రెండుసార్లు పోస్ట్ అయిందా, మెమరీ చెరిపినప్పుడు పాత మీటర్లు రాసుకున్నారా.

మెమరీ చెరపడం ఈ పనిలో అతి ప్రమాదకరమైన నిమిషం. చెరిపేముందు, చెరిపాక మీటర్లన్నీ ఫోటో తీయాలి, స్లాట్ విభాగం నుంచి ఒకరు, సెక్యూరిటీ నుంచి ఒకరు ఉండాలి, సాఫ్ట్‌వేర్ సంతకాన్ని (ఆ వెర్షన్‌ను గుర్తించే కోడ్‌ను) పరీక్షా ప్రయోగశాల ఆమోదించిన విలువతో పోల్చాలి. జీఎల్‌ఐ, బీఎంఎం వంటి ప్రయోగశాలలు యంత్రాలను పరీక్షించి ధ్రువపత్రం ఇస్తాయి. క్యాసినో యంత్రాలకు జీఎల్‌ఐ-11 ప్రమాణం. ధ్రువపత్రం ఫైల్లో ఉంటే చాలదు. ఫ్లోర్ మీదున్న యంత్రంలో అదే వెర్షన్ ఉందా అన్నదే పరీక్ష. అయిదు యంత్రాలు మీరే ఎంచుకోండి, మేనేజరు ఎంచిన అయిదు కాదు.

ఒక రోజు హోల్డ్ పడిపోతే దొంగతనం జరిగినట్టేనా?

కాదు. ఒక సున్నా ఉన్న రూలెట్‌లో ప్రతి పందెం మీద క్యాసినోకు సగటున మిగిలేది 2.70 శాతం, రెండు సున్నాలుంటే 5.26 శాతం. మరి హోల్డ్ 20 శాతం ఎలా వస్తుంది? ఆటగాడు అదే డబ్బును తిప్పి తిప్పి పందెం కాస్తాడు కాబట్టి. డ్రాప్‌లో ఆ డబ్బు ఒకసారే లెక్కకొస్తుంది. కాబట్టి హోల్డ్ ఆటగాడు ఎంతసేపు కూర్చున్నాడన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఒక పెద్ద ఆటగాడు గంటలో గెలిచి లేచిపోతే రోజంతా అంకె చెడిపోతుంది.

ఒక రోజును కాదు, గత పన్నెండు నెలల సగటును చూడండి. టేబుల్ వారీగా, షిఫ్టు వారీగా, డీలరు వారీగా విడదీయండి. మూడు నెలలుగా ఒకే షిఫ్టులో, ఒకే సూపర్‌వైజరు ఉన్నప్పుడే పడిపోతుంటే అది అదృష్టం కాదు.

కేజ్‌లో ఆకస్మిక లెక్కింపు ఎలా చేయాలి?

లోపలికి వెళ్లగానే అన్ని కిటికీలూ ఒకేసారి ఆపించండి. ఒక డ్రాయర్ లెక్కపెట్టి రెండోదానికి వెళ్లేలోపు అవే కట్టలు అక్కడికి చేరకుండా. నగదు, చిప్స్, చెక్కులు, ఆటగాళ్ల డిపాజిట్లు, అప్పు పత్రాలు విడివిడిగా. క్యాషియరే లెక్కపెట్టాలి, మీరు ఎదురుగా చూడాలి, చివర్లో ఆమెతోనో అతనితోనో సంతకం చేయించి డ్రాయర్ అప్పగించాలి. ఆడిటర్ ఒంటరిగా నగదు ముట్టకూడదు. మీ రక్షణ కోసమే ఈ మాట.

డ్రాయర్‌లో చేతిరాత చీటీలు, "రేపు ఇస్తా" తరహా కాగితాలు దొరికితే అవి నగదు కాదు. లోటుగానే చూపండి. బయట ఆటగాళ్ల దగ్గరున్న చిప్స్ క్యాసినోకు అప్పు. ఆ అప్పు లెక్క నెలనెలా పెరుగుతూ పోతుంటే చిప్స్ ఎక్కడో పోగవుతున్నాయేమో చూడాలి. నకిలీలు తిరిగొస్తుంటే ఆ అప్పు అంకె ఉండాల్సినదానికంటే తగ్గిపోతుంది.

పేకముక్కలు, పాచికల మీద కూడా లెక్కలా?

అవును. ముక్కలు పంచే పెట్టెను షూ అంటారు. ఎనిమిది కట్టల షూ అంటే 416 ముక్కలు. ఆట తీసేశాక ఒక్కటి తగ్గినా ఆ టేబుల్ వీడియో రికార్డు తెప్పించి చూడాల్సిందే. వాడేసిన కట్టలకు చిల్లు పెట్టి లేదా మూల కత్తిరించి రద్దు చేయాలి, నాశనం చేసేవరకు తాళంలో ఉంచాలి. పాచికలను మైక్రోమీటరుతో కొలవాలి. స్టాకు రిజిస్టరు, జారీ, రద్దు, నాశనం, ఈ నాలుగింటినీ పోల్చితే తేడా సున్నా రావాలి.

నిఘా కెమెరాల విషయంలో ముఖ్యంగా ఏం చూడాలి?

నిఘా విభాగం గేమింగ్ మేనేజరు కింద ఉండకూడదు. తాను కాపలా కాయాల్సిన మనిషే తన జీతం పెంచే మనిషైతే ఆ కాపలా నిలవదు. రికార్డు ఎన్ని రోజులు ఉంచాలో స్థానిక నియమం చెబుతుంది. నెవాడాలో మామూలు రికార్డుకు ఏడు రోజులు. మీరు ఆడిట్‌కు వెళ్లేది నెల తర్వాత కాబట్టి కావలసిన తేదీల రికార్డు చెరిపేయకుండా ముందే రాతపూర్వకంగా ఆపించుకోండి. పాడైన కెమెరాల లాగ్ చూడండి, ఎన్ని గంటలు పనిచేయలేదో, ఆ గంటల్లో ఆ టేబుల్ తెరిచి ఉందో.

మనీ లాండరింగ్ చట్టం క్యాసినోకు ఎలా వర్తిస్తుంది?

2002 నాటి చట్టాన్ని 2009లో సవరించి క్యాసినోలను దాని పరిధిలోకి తెచ్చారు. 50,000 రూపాయలు, అంతకు మించిన లావాదేవీకి గుర్తింపు సరిచూడాలి. 10 లక్షలకు మించిన నగదు లావాదేవీలు, అలాగే ఒకే నెలలో ఒకదానికొకటి ముడిపడిన చిన్న నగదు లావాదేవీలు కలిసి 10 లక్షలు దాటితే అవి కూడా, మరుసటి నెల 15వ తేదీలోగా ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు పంపాలి. అనుమానాస్పద లావాదేవీకి మొత్తం హద్దు లేదు, అనుమానమే హద్దు. రికార్డులు అయిదేళ్లు ఉంచాలి. నివేదిక పంపినట్టు ఆ కస్టమరుకు తెలియనివ్వకూడదు.

దీనికి తోడు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 269ఎస్‌టీ ఉంది: ఒకే రోజు ఒక వ్యక్తి నుంచి 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా. కాబట్టి కేజ్ డేటాలో 1,90,000 నుంచి 1,99,999 మధ్య నగదు రసీదులు ఎన్ని ఉన్నాయో విడిగా తీయండి. ఒకే ఫోన్ నంబరు, ఒకే హోటల్ గది, వేరు వేరు పేర్లు కనిపిస్తే అదే మీ నమూనా.

మరో గుర్తు: పెద్ద మొత్తానికి చిప్స్ కొని, పది నిమిషాలు నామమాత్రంగా ఆడి, తిరిగిచ్చి చెక్కు అడగడం. "గెలుపు" అని రాసిన చెక్కు ఇవ్వాలంటే ఆ గెలుపు టేబుల్ రేటింగు రికార్డులో (ఏ ఆటగాడు ఎంత ఆడాడో రాసే రికార్డులో) కనబడాలి.

బంగ్లాదేశ్ బ్యాంకు చోరీని ఈ శిక్షణల్లో ఎందుకు చెబుతారు?

2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ బ్యాంకు ఖాతా నుంచి పోయిన 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ బ్యాంకు ఖాతాల్లోకి వచ్చి, అక్కడి క్యాసినోల్లో కలిశాక జాడ చెదిరిపోయింది. అప్పటికి ఆ దేశపు మనీ లాండరింగ్ చట్టం క్యాసినోలకు వర్తించేది కాదు. 2017లో చట్టం మార్చి చేర్చారు. చిప్స్‌గా మారిన డబ్బుకు పేరు ఉండదు. ఆ పేరును అతికించి ఉంచేదే కేవైసీ. నియంత్రణ ఉండి పాటించకపోతే ఏమవుతుందో చూడాలంటే ఆస్ట్రేలియాలో క్రౌన్ సంస్థకు 2023లో పడిన 45 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా ఉంది.

అమెరికా క్యాసినో లెక్కలు ఇక్కడి నుంచి చూసేవారికి ముఖ్యమైనది ఏమిటి?

గేమింగ్ డే, అంటే క్యాసినో లెక్కల రోజు. అది అర్ధరాత్రికి మారదు, ఆ సంస్థ నిర్ణయించుకున్న గంటకు మారుతుంది. లాస్‌వేగస్‌లో వేసవి తెల్లవారుజామున 3 గంటలంటే విశాఖలో మధ్యాహ్నం 3:30. చలికాలంలో 4:30. మీ షిఫ్టు ఆ మార్పుతో కదలకపోతే రోజు కటాఫ్ తప్పుతుంది.

ఒక గేమింగ్ డేలో ఒక వ్యక్తి నగదు 10,000 డాలర్లు దాటితే 15 రోజుల్లో నివేదిక. లోపలికి వచ్చింది విడిగా, బయటికి పోయింది విడిగా కూడాలి. టేబుల్ వద్ద 4,000, కేజ్‌లో 3,500, మరో టేబుల్ వద్ద 2,800 ఇచ్చాడంటే 10,300, నివేదిక పంపాలి. అతనే 9,900 తీసుకెళ్లినా దాన్ని ఇందులో కలపరు. కొత్తవాళ్లు రెండింటినీ కలపడమో తీసేయడమో చేస్తారు. అనుమానాస్పద నివేదికకు హద్దు 5,000 డాలర్లు.

జీఎస్టీ, టీడీఎస్ పరీక్ష ఎలా?

2023 అక్టోబరు 1 నుంచి చిప్స్ కొన్న పూర్తి విలువ మీద 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. చిప్స్ తిరిగిచ్చి డబ్బు తీసుకున్నా తగ్గింపు లేదు. గెలిచిన చిప్స్‌తో మళ్లీ ఆడితే మళ్లీ పన్ను లేదు. కాబట్టి పరీక్షంతా ఒక్క చోటే: కొత్తగా కొన్న చిప్స్‌ను "మళ్లీ ఆడిన గెలుపు"గా రాశారా? కేజ్ అమ్మకాల నివేదిక, ఇన్‌వాయిసులు, జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను) మూడూ రోజువారీగా పోల్చండి. రేటు మారిన తేదీన గేమింగ్ డే రెండు తేదీల మీద పరుచుకుని ఉంటుంది, ఆ రాత్రిని విడిగా చూడండి.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 194బి కింద 10,000 దాటిన గెలుపు మీద 30 శాతం కోయాలి. కారు, బైకు వంటివి బహుమతిగా ఇస్తే పన్ను కట్టినట్టు చూసుకున్నాకే తాళాలివ్వాలి. లక్కీ డ్రాల ఫైళ్లలో ఇదే ఎక్కువగా తప్పుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, అందులో సెక్షన్ నంబర్లు వేరు, పాత చెక్‌లిస్టు నంబర్లు సరిచేసుకోండి.

ఆన్‌లైన్ గేమింగ్ సంస్థల్లో కూడా ఇదే పనా?

2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. దేశంలో ఆ పేరుతో ఉద్యోగం ఎవరైనా ఇస్తామంటే జాగ్రత్త.

సాఫ్ట్‌వేర్ యాక్సెస్‌లో ఏం తప్పులు దొరుకుతాయి?

మానేసిన ఉద్యోగుల లాగిన్లు. హెచ్ఆర్ ఇచ్చిన రాజీనామాల జాబితా, సిస్టమ్‌లో చురుగ్గా ఉన్న యూజర్ల జాబితా పక్కపక్కన పెట్టండి, తొలిరోజే దొరుకుతాయి. తర్వాత, ఆటగాడి పాయింట్లు చేత్తో కలిపే హక్కు ఎవరికుందో, అదే మనిషి వాటిని నగదుగా మార్చగలడో చూడండి. "కేజ్1" లాంటి ఉమ్మడి పాస్‌వర్డ్ ఉంటే ఆ షిఫ్టులో జరిగిన ఏ లావాదేవీకీ మనిషి లేనట్టే.

లోపం కనబడితే నివేదికలో ఎలా రాయాలి?

"తాళాల నియంత్రణ బలహీనంగా ఉంది" అని రాస్తే ఎవరూ ఏమీ చేయరు. ఇలా రాయండి: "పరీక్షించిన 30 రోజుల్లో 7 రోజులు లెక్కింపు గది తాళం లెక్కింపు ముగిసిన గంట తర్వాత కూడా తిరిగి రాలేదు. నియమం ప్రకారం వెంటనే ఇవ్వాలి. షిఫ్టు మార్పు వేళ సెక్యూరిటీ డెస్కు ఖాళీగా ఉండటం కారణం." తేదీలు జాబితాగా జతచేయండి. బాధ్యుడు ఎవరో, ఏ తేదీకి సరిచేస్తారో వాళ్ల చేత్తోనే రాయించుకోండి. ఆ తేదీ దాటాక మళ్లీ వెళ్లి పరీక్షించండి. "సరిచేశాం" అన్న ఈమెయిలు ఆధారం కాదు.

చేరిన మొదటి నెలలో, నేను చూడని లెక్కింపు షీటు మీద సంతకం చేయమంటే?

చేయకండి. "సర్, ఇది నేను చూడలేదు, వీడియో చూశాక పెడతాను" అని మర్యాదగా, రాతపూర్వకంగా చెప్పండి. వీడియో చూశాక కూడా "చూశాను" అని కాదు, "ఫలానా తేదీ, ఫలానా సమయానికి రికార్డింగు చూసి సరిచూశాను" అని రాసి, రికార్డింగు నంబరు వేసి సంతకం పెట్టండి. ఒత్తిడి తెస్తే ఆడిట్ కమిటీకి నేరుగా రాసే దారి మీ నియామక పత్రంలో ఉందో లేదో ఆ రోజు వెతుక్కోకుండా, చేరే రోజే చూసుకోండి.